మిగిలిన మూడు రోజులు ఎవరివి?

ప్రతి నెలా పద్నాలుగో తారీకు వచ్చిందంటే మా షాపులో ముగ్గురు ఆడవాళ్ళం పొద్దున్నే ఇళ్ళల్లో చెప్పి వచ్చేవాళ్ళం. ఈ మూడు రోజులూ ఆలస్యమవుతుంది, కూర వండి పెట్టాను, అన్నం మీరే పెట్టుకోండి అని. ఆ రోజున జీఎస్టీ సైటులో టూ-బి అనే పట్టిక వస్తుంది. మేం ఎవరి దగ్గర సరుకు కొన్నామో, వాళ్ళు ఆ బిల్లుల్ని ప్రభుత్వానికి చూపించారో లేదో అందులో వుంటుంది. ఆ పట్టికా, మా కొనుగోలు రిజిస్టరూ ప్రింటు తీసుకుని కూర్చునేవాళ్ళం. ఒకరు నంబరు చదవాలి, ఒకరు ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాలి, ఇంకొకరు కలవని బిల్లులు వేరే కాగితం మీద రాసుకోవాలి. బిల్లు అందులో కనపడకపోతే దాని మీద కట్టిన పన్ను ఆ నెల ఓనరుకి జమ రాదు. ఇరవయ్యో తారీకులోగా రిటర్ను వెయ్యాలి. కళ్ళు మండేవి, మెడ పట్టేసేది. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు సగం దించి వుంటే దాని కింద నుంచి వంగి బయటికొచ్చి ఆటో కోసం నిలబడేవాళ్ళం.

ఇప్పుడా పని నలభై నిమిషాల్లో అయిపోతోంది. అలా అయ్యేలా చేసింది నేనే. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ మందుల షాపులో 1996 నుంచి పనిచేస్తున్నాను. షాపు పేరు ఇక్కడ అనవసరం, అలాంటి షాపులు మన ప్రతి పట్టణంలోనూ వున్నాయి. పై అంతస్తులో గోడౌను, కింద కౌంటరు, వెనకాల కిటికీ లేని గదిలో మేము. నేను చేరినప్పుడు చిట్టా, ఆవర్జా చేత్తోనే రాసేవాళ్ళు. తర్వాత కంప్యూటరొచ్చింది. 2005లో వ్యాటు, 2017 జులైలో జీఎస్టీ వచ్చాయి. జీఎస్టీ రాగానే పని మూడింతలైంది. అప్పుడే డిగ్రీ చదివిన ఇద్దరు అమ్మాయిల్ని తీసుకున్నారు. గోడౌను కుర్రాళ్ళు, డెలివరీ వాళ్ళు, వసూళ్ళకి తిరిగేవాళ్ళు అందరూ కలిసి పద్నాలుగు మందిమి. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని వుంది.

2022లో మా చెల్లెలి కూతురు కంప్యూటర్ కోర్సు చదువుతూ మా ఇంట్లో వుండేది. నా ఎర్ర పెన్ను కాగితాలు చూసి, 'పెద్దమ్మా, దీనికి మనుషులెందుకు?' అంది. ఎక్సెల్‌లో ఒక పట్టికలోని అంకెని ఇంకో పట్టికలో వెతికే పద్ధతి చూపించింది. రెండు నెలలపాటు రాత్రి వంట గిన్నెలు కడిగాక దాని పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అంత తేలిగ్గా లేదు. కంపెనీ వాడు ఇన్వాయిసు నంబరుకి ముందు మూడు సున్నాలూ, మధ్యలో గీతలూ పెడతాడు. మేం ఎంట్రీ కొట్టేటప్పుడు చివరి అంకెలే కొడతాం. యంత్రానికి ఆ రెండూ ఒకటే అని తెలీదు. ఒక డిపో వాళ్ళు నెలాఖరు బిల్లుని వచ్చే నెలలో చూపిస్తారు. ఇంకొకళ్ళు రూపాయి లోపు పైసల్ని ఒక్కోసారి పైకి, ఒక్కోసారి కిందికి సవరిస్తారు. ఒకే కంపెనీకి రెండు రాష్ట్రాల నుంచి రెండు పదిహేనంకెల జీఎస్టీ నంబర్లుంటాయి. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. మా ముగ్గురి బుర్రల్లో వున్నాయి. ఆ ఇద్దరు అమ్మాయిల్నీ అడిగి, ఒక్కొక్కటీ నోటు పుస్తకంలో రాసుకుని, ఇంటికి తెచ్చి ఆ ఫైలుకి నేర్పించాను. ఏ కంపెనీ ఏ తప్పు చేస్తుందో నాకన్నా ఆ చిన్నమ్మాయికే బాగా తెలుసు. ఆ ఫైలులో సగం తెలివి ఆమెది.

మొదటిసారి మీట నొక్కి, కలిసిన బిల్లులన్నీ పచ్చగా, కలవనివి ఎర్రగా వరసగా వచ్చినప్పుడు ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఆ నెల మూడు రోజులూ ఆరింటికే ఇళ్ళకెళ్ళాం. నేను వెలుతురుండగా రైతుబజారుకెళ్ళి కూరలు ఏరుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి. ఆ ఉత్సాహంలో ఇంకా చేశాను. మూడు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచీల జాబితా దానంతటదే వచ్చేలా, బాకీ వున్న మెడికల్ షాపులకి వారం వారం మెసేజి వెళ్ళేలా, బ్యాంకు స్టేట్‌మెంటుతో చెక్కులు సరిచూసుకునేలా చేశాను. ఓనరుగారి అబ్బాయి మిఠాయి పెట్టె తెచ్చిచ్చి, 'మేడం, మీరు ఇంజినీరు అవ్వాల్సింది' అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు చాలా గర్వమనిపించింది.

మూడు నెలలు తిరక్కుండానే, 2023 ఫిబ్రవరి ఒకటో తారీకు నుంచి రానక్కరలేదని ఆ చిన్నమ్మాయికి చెప్పేశారు. 'పని తగ్గింది కదమ్మా' అన్నారు పెద్ద సారు. ఆరేళ్ళుగా చేస్తోంది, నెలకి పదకొండు వేలు. ఒక నెల జీతమూ చీరా చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద 'నా సొంత కారణాల వల్ల మానేస్తున్నాను' అని రాయించుకుని సంతకం పెట్టించుకున్నారు. ఆ మరుసటి ఏడు రెండో అమ్మాయి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. మళ్ళీ వస్తానని ఫోను చేస్తే, 'పిల్ల పెద్దదయ్యాక చూద్దాంలే' అన్నారట. ఇప్పుడా వెనక గదిలో నేనొక్కదాన్నే వున్నాను. నన్ను తియ్యలేదు. ఎందుకంటే ఆ ఫైలు చెడిపోతే బాగుచెయ్యడం నాకొక్కదానికే తెలుసు.

చిన్నమ్మాయి ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది. గొడవ పడలేదు. కాఫీ తాగింది. వెళ్ళేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, 'అక్కా, నేను చెప్పినవి కూడా దాంట్లో వున్నాయి కదా?' అని అడిగింది. వున్నాయి అన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. ఆ ఫైలు చెరిపేద్దామా అని కూడా అనుకున్నాను. చెరిపేస్తే ఏమవుతుంది? మళ్ళీ ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కదాన్నే రాత్రి పదింటి దాకా కూర్చుంటాను. లేకపోతే మార్కెట్లో దొరికే సాఫ్ట్‌వేరు కొంటారు. ఈ పని చేసి పెట్టేవి ఇప్పుడు చాలానే వున్నాయి. బిల్లు ఫోటో తీస్తే దానంతటదే చదివి ఎంట్రీ కొట్టేవి కూడా వచ్చాయి. యంత్రాన్ని ఆపడం నా చేతుల్లో లేదు. అది రావడం వల్ల మిగిలిన మూడు రోజులూ ఎవరి ఖాతాలోకి పోయాయి అనేదే నేను అడగాల్సిన ప్రశ్న అని నెమ్మదిగా అర్థమైంది.

లెక్క చూడండి. ముగ్గురం, మూడేసి రోజులు, నెలకి తొమ్మిది పనిదినాలు. సంవత్సరానికి నూట ఎనిమిది. ఇవి గాలిలోంచి పుట్టలేదు, మా ముగ్గురి తెలివిలోంచి పుట్టాయి. అందులో ఒక్క గంటైనా మాకు విశ్రాంతిగా మిగల్లేదు, ఒక్క రూపాయైనా జీతంగా రాలేదు. ఇద్దరికి ఉద్యోగం పోయింది, ఒకరికి పని పెరిగింది. మిగులంతా ఓనరుగారికి చేరింది. ఆయన చెడ్డమనిషని నేననను. మందుల షాపుల్లో మార్జిన్లు తక్కువ. ఆన్‌లైనులో మందులమ్మే కంపెనీలొచ్చాక చిన్న వ్యాపారులకి భయం పట్టుకుంది. కానీ ఆ భయానికి మూల్యం ఎప్పుడూ వెనక గదిలో కూర్చునే ఆడవాళ్ళే ఎందుకు చెల్లించాలి?

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లెక్కలు రాయడం మగవాళ్ళ పనిగా వున్న రోజుల్లో దానికో గౌరవం వుండేది. గుమాస్తాగారు అనేవారు. ఓనరు కూడా ఆయన్ని అడక్కుండా పెట్టుబడి పెట్టేవాడు కాదు. అదే పని ఆడవాళ్ళ చేతికొచ్చేసరికి 'ఎంట్రీ కొట్టడం' అయిపోయింది. పేరు మారగానే జీతమూ మారింది. మళ్ళీ అదే పనిని కంప్యూటరు చేసి, దాన్ని ఒక కుర్రాడు కోటు వేసుకుని అమ్మడానికొస్తే దాని పేరు 'సొల్యూషన్'! కంప్యూటర్ అనే మాటే ఒకప్పుడు యంత్రం పేరు కాదు, కూర్చుని లెక్కలు కట్టే మనిషి పేరు. వాళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళే. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే యంత్రానికి లెక్కలు చేసే పద్ధతి సమకూర్చినవాళ్ళు ఆరుగురు స్త్రీలు. దశాబ్దాలపాటు వాళ్ళ పేర్లు ఎవరూ చెప్పలేదు. మా వెనక గదిలో జరిగిందీ అదే కథ, కాస్త చిన్న ఎత్తున.

'చేసిందే మళ్ళీ మళ్ళీ చేసే పని, అందులో తెలివేముంది, యంత్రానికిస్తే మంచిదే కదా' అనేవాళ్ళు మన మిత్రుల్లోనూ వున్నారు. చేసిందే చేసే పని అంటే తెలివిలేని పని కాదు. ఇంట్లో రోజూ చేసిందే చేస్తాం. ఏ బియ్యానికి ఎన్ని నీళ్ళు పొయ్యాలో చేతికి తెలుస్తుంది. ఆ తెలివికి విలువ కట్టకపోవడం ఇంట్లో మొదలై ఆఫీసులోకి వచ్చింది. పైగా యంత్రం ఆ పనినంతా తీసుకోదు. సాఫీగా వున్న భాగాన్ని తీసుకుని, చిక్కుపడిన భాగాన్ని మనకి వదిలేస్తుంది. నలభై నిమిషాల్లో పచ్చగా వచ్చినవి సరే. ఎర్రగా వచ్చిన ముప్ఫై బిల్లుల కోసం ముప్ఫై మందికి ఫోను చేసి, 'అన్నా, ఈ బిల్లు మీరు చూపించలేదు, ఈ నెల్లో చూపించండి' అని బతిమాలే పని ఎవరు చేస్తున్నారు? దానికి లెక్క లేదు, పేరు లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద పన్ను మారింది. అంతకుముందు పన్నెండు శాతం వున్న చాలా మందులు అయిదు శాతానికొచ్చాయి, ముప్ఫై మూడు ప్రాణరక్షక మందులకి పన్ను పూర్తిగా పోయింది. జనానికి మంచిదే. కానీ ముందు రోజు, ఆదివారం, షాపులో వేలాది ఐటముల రేట్లు మార్చాలి. సాఫ్ట్‌వేరు వాళ్ళు పంపిన సవరణ సగం ఐటముల్ని సరిగా పట్టుకోలేదు. ఏ మందు ఏ కోవలోకి వస్తుందో చూసి మార్చుకుంటూ రాత్రి రెండింటి దాకా ఒక్కదాన్నే కూర్చున్నాను. మూడు సంవత్సరాల క్రితమైతే ముగ్గురం వుండేవాళ్ళం, పదకొండింటికి అయిపోయేది. యంత్రం వున్నప్పుడు మనుషులు అక్కర్లేదనుకున్నవాళ్ళకి, యంత్రం తడబడ్డ రాత్రి ఆ మనుషులు గుర్తుకు రాలేదు.

ఇంకొకటి చెప్పడానికి మొదట సిగ్గుపడ్డాను. బాకీ మెసేజిలు వెళ్ళేలా చేశానన్నాను కదా, అవి నా సొంత ఫోను నంబరు నుంచి వెళ్ళేవి. ఆఫీసుకి వేరే ఫోను కొనమంటే 'ఎందుకు మేడం దండగ' అన్నారు. ఒక్క నెలలో మూడొందల పైచిలుకు షాపుల వాళ్ళకి నా నంబరు చేరిపోయింది. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా 'స్టాకుందా', 'బిల్లు పంపు' అని మొదలైంది. తర్వాత కొందరి దగ్గర్నుంచి గుడ్ నైట్‌లు, పూల బొమ్మలు, ఆ తర్వాత చెప్పుకోలేనివి. యాభై దాటిన నాకే ఇలా వుంటే చిన్నపిల్లల గతేమిటి? సారుతో చెప్తే 'బ్లాక్ చెయ్యండి, కానీ ఆ పార్టీ మనకి పెద్ద పార్టీ, జాగ్రత్త' అన్నారు. పదిమందికి తగ్గకుండా పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ వుండాలని 2013 చట్టం చెప్తోంది. పదిమంది లేనిచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. ఫోనులో వచ్చే చెత్త కూడా వేధింపే. పద్నాలుగు మంది వున్న మా షాపులో ఆ కమిటీ పేరు కూడా ఎవరూ వినలేదు. వినకపోవడంలో నా తప్పు కూడా వుంది. మహిళా సంఘం మీటింగులకి వెళ్తూ ఎక్కడెక్కడి వాళ్ళ హక్కుల గురించో మాట్లాడాను గానీ, నేను కూర్చునే గది గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

చిన్నమ్మాయి వచ్చి వెళ్ళాక ఆ ఆలోచన మొదలైంది. సంఘంలో లాయరు మిత్రురాలిని అడిగితే ఆమె చెప్పినవి వింటూ నేను నోరు తెరిచాను. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఫ్యాక్టరీలకే కాదట. గుమాస్తా పని చేసే మాలాంటివాళ్ళూ అందులో వున్నారట. ఏడాది సర్వీసున్న మనిషిని పని తగ్గిందని తీసేస్తే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. దానితోపాటు సర్వీసున్న ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం పరిహారమివ్వాలి. మనుషుల్ని తగ్గించేలాంటి కొత్త పద్ధతి తెచ్చేముందు 21 రోజుల నోటీసు కూడా ఇవ్వాలి. పదిమంది పైన వున్న షాపులో అయిదేళ్ళు నిండితే 1972 చట్టం ప్రకారం గ్రాట్యుటీ రావాలి. రెండో అమ్మాయి సంగతి మరీ ఘోరం. కాన్పు సెలవులో వున్న స్త్రీని తొలగించడమే నేరం. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు జీతంతో సెలవుంది.

ఇంటికొచ్చి అదే ఎక్సెల్‌లో చిన్నమ్మాయి లెక్క వేశాను. గ్రాట్యుటీ 38 వేలు. పరిహారం దాదాపు 33 వేలు. నోటీసు జీతం 11 వేలు. మొత్తం 82 వేల దాకా. ఆమెకి దక్కింది పదకొండు వేలూ, ఒక చీరా.

లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టించాం. సంఘం నుంచి ఇద్దరు తోడు వచ్చారు. నేను లోపలికి వెళ్ళలేదు, బయట చెట్టు కింద నిలబడ్డాను. ఇదీ రాయాలి. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇంట్లో ఆయన పక్షవాతంతో మంచం మీద వున్నారు. మూడు వాయిదాల తర్వాత ఓనరు గ్రాట్యుటీ రెండు విడతలుగా ఇచ్చారు. పరిహారం మాత్రం ఇవ్వలేదు. తనే మానుకుందని ఆ తెల్ల కాగితం చూపించారు. అందుకే ఇది చదివేవాళ్ళు ఒక్క మాట పదిమందికి చెప్పండి. పొమ్మన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఇంటికి తీసుకెళ్ళి చదివి తెస్తామనండి. రెండో అమ్మాయి అర్జీ పెట్టనంది. వాళ్ళాయన వద్దన్నాడట. చట్టం వున్నా అది ఇంటి గడప దాటి లోపలికి రాలేదని మనకి కొత్తగా తెలిసిందేమీ కాదు.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాలకి చాలా అభ్యంతరాలున్నాయి, నాకూ వున్నాయి. కానీ పని తగ్గిందని తీసేసేటప్పుడు నోటీసూ, ఏడాదికి పదిహేను రోజుల పరిహారమూ కొత్త కోడ్‌లోనూ నిలిచాయి. అలా తీసేసినవాళ్ళకి ఇంకో పని నేర్చుకోవడానికి పదిహేను రోజుల జీతం యజమాని ఒక నిధిలో కట్టాలనీ, 45 రోజుల్లో అది కార్మికురాలి ఖాతాలో పడాలనీ కూడా వుంది. పదిహేను రోజుల జీతంతో ఎవరు ఏ పని నేర్చుకుంటారు అని నవ్వు రావచ్చు. అయినా అడగాలి. అడగని హక్కు కాగితంలోనే వుండిపోతుంది.

యంత్రం వచ్చినప్పుడు ప్రశ్నించిన చరిత్ర మన దేశంలో లేకపోలేదు. 1960ల్లో కలకత్తాలో ఎల్ఐసీ ఉద్యోగులు కంప్యూటరు దిగకుండా రాత్రింబవళ్ళు కాపలా కాశారు. 1980ల్లో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు ఏ పనికి ఎన్ని యంత్రాలు పెట్టాలో యాజమాన్యాలతో కూర్చుని ఒప్పందాలు రాసుకున్నాయి. అప్పుడు వాళ్ళని ప్రగతి నిరోధకులన్నారు. కానీ వాళ్ళు అడిగే చోటుకి వెళ్ళి అడిగారు. వేలమంది ఒకే యజమాని కింద వున్నారు కనుక అడగగలిగారు. మాది ఒక్కో షాపులో ఒక్కరు, ఇద్దరు. పక్క షాపులో లెక్కలు చూసే ఆమె పేరు ఇరవై ఏళ్ళపాటు నాకు తెలీదు. మధ్యాహ్నం డబ్బాలు కడుక్కునే కొళాయి దగ్గర నవ్వుకునేవాళ్ళం, అంతే. మనల్ని ఒకచోట చేర్చే సంఘం ఏదీ? ఇది కార్మిక సంఘాలు పట్టించుకోని చోటు, మహిళా సంఘాల కంటికి ఆనని చోటు.

ఇక మన వైపు చూసుకుందాం. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నారు. మీ ఆఫీసులో రిపోర్టులు తయారుచేసే అమ్మాయి ఎవరు? నిధులిచ్చే ఒక్కో సంస్థకీ ఒక్కో నమూనాలో అవే పేర్లు, అవే అంకెలు నాలుగుసార్లు ఎక్కించేది ఆమే కదా? సమావేశానికి టీ పెట్టించేదీ, ఫోటోలు పంపించేదీ ఆమే కదా? స్త్రీల శ్రమకి విలువ కట్టాలని మనం రాసిన కరపత్రాన్ని టైపు చేసింది ఆమే. ఆమె జీతమెంత? ఎక్కించే పని తగ్గించే పద్ధతి రేపు మీకు దొరికితే ఆమెని ఏం చేస్తారు? మా సారు చేసిందే చేస్తామా?

ఊళ్ళల్లోనూ ఇదే. అంగన్‌వాడీ కార్యకర్తల పని తేలికవుతుందని 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ తెచ్చారు. ఫోనులో ఎక్కించాలి, పుస్తకంలోనూ రాయాలి, నెట్టు లేకపోతే రోడ్డు మీదకొచ్చి నిలబడాలి. తేలికైంది పైనుంచి చూసే అధికారికి, కింద రాసే స్త్రీకి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా నలభై రెండు రోజులు వాళ్ళు సమ్మె చేశారు. జీతం పెంచమని అడుగుతూనే యాప్‌ల బరువు గురించీ మాట్లాడారు. వాళ్ళు వేలల్లో వున్నారు కనుక రోడ్డెక్కగలిగారు. వెనక గదుల్లో వున్న మేం అందులో పదో వంతైనా చెయ్యలేమా?

పెద్ద పెద్ద కోరికలేమీ లేవు. పని తగ్గించే యంత్రం తెచ్చేముందు ఆ పని చేస్తున్నవాళ్ళకి చెప్పాలి. మిగిలిన సమయంలో కొంత వాళ్ళకి చెందాలి, పొద్దుగూకకముందే ఇంటికెళ్ళే రూపంలోనో, జీతం రూపంలోనో. కొత్త పని నేర్పించాలి, అదీ పనివేళల్లో, రాత్రి గిన్నెలు కడిగాక కాదు. ఆఫీసు పనికి ఆఫీసు ఫోనుండాలి, అది ఆఫీసు మూసినప్పుడు మూతపడాలి. యంత్రానికి ఎవరి తెలివి నేర్పించామో వాళ్ళ పేరు ఎక్కడో ఒకచోట రాసి వుండాలి. వీటిల్లో ఏ ఒక్కటీ వ్యాపారాన్ని ముంచేసేది కాదు.

నేనొకటి మొదలుపెట్టాను. కొళాయి దగ్గర నవ్వే ఆమె పేరు అడిగాను. ఆమె ద్వారా ఇంకో నలుగురు, వాళ్ళ ద్వారా ఇంకొందరు. ఇప్పుడు వన్‌టౌన్ షాపుల్లో లెక్కలు చూసే పందొమ్మిది మంది ఆడవాళ్ళం నెలకో ఆదివారం మా ఇంట్లో కలుస్తున్నాం. మా ఆయన మంచం పక్కనే చాపలు వేసుకుంటాం. నాకు తెలిసిన ఎక్సెల్ పద్ధతులు వాళ్ళకి నేర్పిస్తున్నాను, లాయరు మిత్రురాలు చట్టాలు చెప్తోంది. రెండూ కలిపే నేర్చుకోవాలని నియమం పెట్టుకున్నాం. మొదటిది మాత్రమే నేర్చుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

చిన్నమ్మాయి కూడా వస్తోంది. ఇప్పుడు బందరు రోడ్డులో ఇంకో షాపులో చేస్తోంది. అక్కడ బిల్లులు కలపడం ఇంకా ఎర్ర పెన్నుతోనేనట. పోయిన నెల నన్నడిగింది, 'అక్కా, ఆ ఫైలు నాకిస్తావా?' అని. ఇచ్చాను. సగం ఆమెదే కదా. కానీ ఓనరుకి చూపించే ముందు ఏమేం అడగాలో, ఎవరెవరితో కలిసి అడగాలో కాగితం మీద రాసుకుని వెళ్ళమన్నాను. ఆ కాగితం మా పందొమ్మిది మందిమీ కూర్చుని రాస్తున్నాం. అందులో మొదటి వాక్యం ఇది: మిగిలిన రోజుల్లో మా వాటా ఎంత?